ఎలుగుకు ఏ తూటా?

శ్రీకాకుళం: ఎలుగు దాడి జరిగిన ఊళ్లో మొదట అంబులెన్సు కోసం పరుగులు మొదలవుతాయి. ఆ వెంటనే అటవీ సిబ్బందిపై ఆగ్రహం పెల్లుబుకుతుంది. ఆపై అందరి నోటా ఒకే ప్రశ్న వినిపిస్తుంది: తుపాకీ తెచ్చి కాల్చేయరేం? ఉద్దానం ప్రాంతంలో ఈ ప్రశ్న కొత్తది కాదు. 2018 జూన్‌లో సోంపేట మండలం ఎర్రముక్కాంలో ఎలుగు దాడికి భార్యాభర్తలిద్దరూ బలయ్యారు. కోపోద్రిక్తులైన జనం ఆ జంతువును కర్రలతో కొట్టి చంపారు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఒక రైతు ప్రాణాలు కోల్పోగా, మర్నాడే అదే పరిసరాల్లో పలువురు గాయాలపాలయ్యారు. మత్తుమందు ప్రయోగించి ఆ ఎలుగును బంధించినా అది బతకలేదు. రెండు సందర్భాల్లోనూ మనుషులు పోయారు, జంతువూ పోయింది. తుపాకీ మాత్రం పేలలేదు.

తుపాకీ ఉంటే కథ మరోలా ముగిసేదన్న నమ్మకం ఉద్దానంలో బలంగా ఉంది. ఆ నమ్మకాన్ని తేలిగ్గా కొట్టిపారేయడం సులభమే. కానీ జీడితోటలోకి అడుగు పెట్టాలంటే గుండె దడదడలాడే రైతుకు అది సమాధానం కాదు. ప్రశ్నను ప్రశ్నగానే తీసుకుని, ఎలుగును నిలువరించాలంటే ఏ రైఫిల్ కావాలి, అందులో ఏ తూటా ఉండాలి, అది ఎవరి చేతిలో ఎంత దూరంలో పనిచేస్తుంది అని పరిశీలిస్తే, విషయం ఊహించిన దానికి భిన్నమైన చోటుకు తీసుకెళ్తుంది.

అలాస్కా నేర్పిన లెక్క

ఎలుగు వేట చట్టబద్ధంగా సాగుతూ, తూటాల ఎంపికపై ప్రభుత్వ శాఖలే సలహాలు, నివేదికలు వెలువరించిన ప్రాంతాల్లో అలాస్కా ముందుంటుంది. అక్కడి కోడియాక్ దీవుల గోధుమరంగు ఎలుగుల్లో భారీ మగవి 600 కిలోలు దాటుతాయి. అలాంటి జంతువు ఎదురుపడే అడవుల్లో పనిచేసే తమ ఉద్యోగుల రక్షణ కోసం అమెరికా అటవీ సేవా విభాగం 1983లో ఒక పరీక్ష నివేదికను ప్రచురించింది. రకరకాల తుపాకులను, తూటాలను 15 గజాల దూరం నుంచి, అంటే సుమారు 14 మీటర్ల నుంచి పేల్చి చూశారు. గుండు ఎంత లోతుకు దిగింది, ఎంత విచ్చుకుంది, ఎంత బరువు నిలుపుకొంది, ఎంత శక్తితో తాకింది అన్నవి కొలిచారు.

ఈ పరీక్షలో ముందు నిలిచినవి పెద్ద రైఫిళ్లే. .458 విన్‌చెస్టర్ మాగ్నమ్‌లో 33 గ్రాముల గుండు, .375 హెచ్ అండ్ హెచ్ మాగ్నమ్‌లో 19 గ్రాములకు పైబడిన గుండు, .338 విన్‌చెస్టర్ మాగ్నమ్ అగ్రస్థానాల్లో ఉన్నాయి. వీటి సరసన 1906 నాటి సాధారణ సైనిక తూటా .30-06 కూడా చోటు సంపాదించింది. అయితే దానిలో వాడింది తేలికపాటి గుండు కాదు, 14 గ్రాములకు పైబడిన బరువైన గుండు. బెల్టుకు తగిలించుకునే శక్తిమంతమైన రివాల్వర్లు రైఫిళ్లకు చాలా దూరంలో ఆగిపోయాయి.

పరీక్ష ఫలితాల కన్నా ఆసక్తి కలిగించేది ఆ దూరం. రైఫిల్ సామర్థ్యాన్ని సాధారణంగా 100 మీటర్లు, 200 మీటర్ల దూరంలో పరీక్షిస్తారు. వేటగాడు గురి చూసే దూరం అదే. ఇక్కడ 14 మీటర్లే తీసుకోవడానికి కారణం, వేటగాడు ఎలుగును వెతుక్కుంటూ వెళ్లే సన్నివేశం కాకుండా ఎలుగు మనిషి మీదకు దూసుకొచ్చే సన్నివేశం వారి ముందుండటమే. గోధుమరంగు ఎలుగు గంటకు దాదాపు 50 కిలోమీటర్ల వేగాన్ని అందుకోగలదు. ఆ వేగంతో 14 మీటర్లు దాటడానికి దానికి పట్టేది ఒక్క సెకను. తుపాకీ భుజానికెత్తి, సేఫ్టీ తీసి, గురి చూసి, మీట నొక్కడం అంతా ఆ సెకనులోనే ముగిసిపోవాలి. ఒక తూటా తప్పితే రెండోదానికి వ్యవధి ఉండదు.

గుండు లోపలి నిర్మాణం

‘బుల్లెట్ తగిలితే చాలు’ అన్నది సినిమా నేర్పిన పాఠం. వేటలో తూటా అంతా ఒకటే కాదు. ఇత్తడి గొట్టం, అందులో మందు, అడుగున నిప్పురవ్వ పుట్టించే క్యాప్, పైన గుండు కలిస్తే తూటా. మందు గుండును విసరడం వరకే పనిచేస్తుంది. జంతువును తాకాక ఏం జరుగుతుందన్నది గుండు నిర్మాణంపై ఆధారపడి ఉంటుంది.

సైన్యం, పోలీసులు వాడే గుండుకు చుట్టూ గట్టి లోహపు తొడుగు ఉంటుంది. అది శరీరంలో విచ్చుకోకుండా సన్నని రంధ్రం చేసుకుంటూ బయటకు పోయే అవకాశం ఎక్కువ. గాయపడిన జంతువు పడిపోకుండా పారిపోవచ్చు, లేదా రెట్టించిన కోపంతో తిరగబడవచ్చు. బయటకు దూసుకుపోయిన గుండు వెనుకనున్న మనిషికి తగలవచ్చు. ఇందుకే అనేక దేశాల్లో పెద్ద జంతువుల వేటకు పూర్తి తొడుగున్న గుండ్లను నిషేధించారు. వేట గుండుకు ముక్కు దగ్గర సీసం బయటకు కనిపిస్తుంది. తాకగానే ముక్కు పుట్టగొడుగులా విచ్చుకుని, గాయం వెడల్పవుతుంది. ఇక్కడే రెండో చిక్కు. మరీ మెత్తగా ఉంటే ఎముకను తాకగానే ముక్కలై, లోతుకు దిగకుండా ఆగిపోతుంది. లేడికి సరిపడే గుండు ఎలుగుకు పనికిరాకపోవడానికి కారణం ఇదే. బొచ్చు, చర్మం, కొవ్వు, దట్టమైన భుజ కండరం, ఆపై ఎముక దాటితేగానీ గుండె, ఊపిరితిత్తులు అందవు.

ఈ రెండు లోపాల నడుమ దారి వెతికిన వారిలో అమెరికా వేటగాడు జాన్ నోస్లర్ పేరు ముందు చెప్పుకోవాలి. 1946లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో బురద కొట్టుకుపోయిన ఒక మూస్ దుప్పిని ఆయన శక్తిమంతమైన రైఫిల్‌తోనే కాల్చినా, గుండ్లు లోతుకు దిగలేదు. ఆ అనుభవం నుంచి ఆయన గుండు మధ్యలో లోహపు అడ్డుగోడ పెట్టే ఆలోచన చేశారు. ముందు భాగం విచ్చుకుంటుంది. అడ్డుగోడ వెనుకనున్న సగం చెక్కుచెదరకుండా లోపలికి దూసుకుపోతుంది. 1948లో ఆయన నెలకొల్పిన సంస్థ తయారుచేసిన ఈ ‘పార్టిషన్’ గుండు తర్వాతి తరాల ఎలుగు తూటాలకు నమూనా అయింది. సీసాన్ని తొడుగుకు అతికించినవి, పూర్తిగా రాగితోనే చేసినవి ఆ తర్వాత వచ్చాయి.

స్వీడన్‌లో ఈ వ్యవహారాన్ని నిబంధనల్లోనే రాసిపెట్టారు. ఎలుగు, మూస్ వంటి పెద్ద జంతువులను కాల్చే తూటాలో గుండు కనీసం 9 గ్రాములుంటే 100 మీటర్ల దూరంలో 2,700 జౌళ్ల శక్తి మిగిలి ఉండాలి. 10 గ్రాములు, అంతకు మించితే 2,000 జౌళ్లు చాలు. గుండు విచ్చుకునే రకమే అయి ఉండాలి. ఇందులో గమనించాల్సిన సంగతి ఒకటుంది. బరువు పెరిగితే శక్తి విషయంలో చట్టం సడలింపు ఇస్తోంది. వేగంగా వెళ్లే తేలికపాటి గుండు కన్నా కాస్త నెమ్మదిగా వెళ్లే బరువైన గుండు లోతుకు దిగుతుందన్న వేటగాళ్ల అనుభవానికి అది చట్టరూపం.

ఇంత చెప్పాక అలాస్కా వన్యప్రాణి శాఖ వేటగాళ్లకు ఇచ్చే సలహా కొంత వింతగా తోస్తుంది. ఎలుగంటే భయంతో, అలవాటు లేని భారీ మాగ్నమ్ రైఫిల్ కొనుక్కుని రావద్దని ఆ శాఖ హెచ్చరిస్తుంది. పెద్ద తుపాకీ భుజాన్ని బలంగా తంతుంది. ఆ తాకిడికి జంకి కళ్లు మూసుకుని మీట నొక్కేవాడి గుండు ఎక్కడికి పోతుందో తెలియదు. గట్టి గుండుతో, అలవాటైన రైఫిల్‌తో, సరైన చోట కాల్చగలిగినవాడే అడవిలో నమ్మదగినవాడని అక్కడి మార్గదర్శకుల అభిప్రాయం.

మన ఎలుగు ఎంత?

కోడియాక్ ఎలుగుతో మన ఎలుగును పోల్చలేం. పొడవాటి నల్లని బొచ్చు, ఛాతీపై తెల్లని గుర్తు, చెదపుట్టలను తవ్వే పొడవైన గోళ్లు ఉండే మన ఎలుగుల్లో మగవి 80 నుంచి 145 కిలోల వరకు, ఆడవి 55 నుంచి 95 కిలోల వరకు తూగుతాయి. అంటే అలాస్కాలోని నల్ల ఎలుగుతో సరిసమానం. ఆ మేరకు తూటా సమస్య తేలికే. ఏనుగును పడగొట్టే .458 అవసరం లేదు. దేశీయంగా ఇషాపూర్ రైఫిల్ కర్మాగారంలో తయారైన .315 రైఫిల్‌లోని దాదాపు 16 గ్రాముల మెత్తని ముక్కు గుండు సరైన చోట తగిలితే సరిపోతుంది. స్వాతంత్ర్యానికి ముందు, ఆ తర్వాత కొన్నేళ్ల పాటు దక్షిణాదిలో వేటాడినవారు ఇంతకన్నా పెద్దగా ఏమీ వాడలేదు. మైసూరు రాష్ట్రంలోని అరసికెరె ప్రాంతంలో పన్నెండు మందిని చంపి, మరెందరినో గాయపరిచిన ఎలుగును హతమార్చిన కెన్నెత్ ఆండర్సన్ వాడినది .405 విన్‌చెస్టర్. ఆ రైఫిల్‌లోని గుండు సుమారు 19 గ్రాములు. ఆ వృత్తాంతం 1957లో వెలువడిన ఆయన గ్రంథంలో ఉంది. తూటా బలం విషయంలో ఆయనకు సందేహం లేదు. ఎలుగు ఎప్పుడు, ఎక్కడ కనిపిస్తుందన్నదే చిక్కు. అది వెంటనే దొరకలేదు.

మరి ఇప్పుడు అందుబాటులో ఉన్నవేమిటి? స్వీడన్ కొలబద్దనే పెట్టి చూద్దాం. పోలీసు శాఖలో దశాబ్దాలపాటు సేవచేసిన .303 రైఫిల్ గుండు 11 గ్రాములకు పైబడినది. బరువు, శక్తి లెక్కల్లో అది నెగ్గుతుంది. కానీ పూర్తి తొడుగున్న సైనిక గుండు కావడంతో మూడో షరతు దగ్గర ఓడిపోతుంది. ఇన్సాస్ రైఫిల్ గుండు సుమారు 4 గ్రాములు. అది మనుషుల మధ్య పోరుకు రూపొందినది, ఎలుగు విషయంలో లెక్కలోకే రాదు. కొండ గ్రామాల్లో రహస్యంగా చేతులు మారే నాటు తుపాకుల సంగతి చెప్పనక్కర్లేదు. ఇనుప గుళ్లు, సైకిల్ బేరింగులు, నల్లమందు దట్టించి పేల్చే ఆ ఆయుధం ఎలుగును చంపడం కన్నా గాయపరచడమే ఎక్కువ. పేల్చినవాడి చేతిలోనే పగిలిన నాటు తుపాకులూ ఉన్నాయి. అడవిపందుల కోసం అమర్చే ఉచ్చులు, నాటుబాంబులు సైతం ఎలుగుకు చావు కన్నా గాయాన్నే మిగులుస్తాయి. గాయపడి పొదలో నక్కిన ఎలుగు పక్కనుంచి మర్నాడు పనస చెట్టు దగ్గరికి వెళ్లే ముసలమ్మకు ఆ సంగతి తెలియదు.

సరైన తూటాయే ఉందనుకున్నా, గుండెకు తగిలిన జంతువు తక్షణం కూలిపోతుందన్న హామీ లేదు. రక్తప్రసరణ ఆగిన తర్వాత కూడా మెదడులో మిగిలిన ప్రాణవాయువుతో పది, పదిహేను సెకన్లు పరుగెత్తగలదు. వేటగాడికి 100 మీటర్ల దూరంలో ఆ పదిహేను సెకన్లు లెక్కలోకి రావు. 14 మీటర్ల దూరంలో అవి ప్రాణాంతకం. అందుకే దూసుకొచ్చే ఎలుగును ఆపాలంటే మెదడుకో, వెన్నుకో, భుజపు ఎముకకో గుండు తగలాలంటారు. మన ఎలుగు దట్టమైన బొచ్చు దాని అసలు శరీరాన్ని దాచి, ఉన్నదానికన్నా పెద్దగా చూపిస్తుంది. గురి బొచ్చులోకి పోయే ప్రమాదం ఉండనే ఉంది.

తెల్లవారుజామున జీడితోటలో

తూటా ఎంత శక్తిమంతమైనదైనా దాన్ని పేల్చడానికి కావాల్సినంత దూరం, సమయం దాడి జరిగే చోట ఉన్నాయా అన్నది అసలు ప్రశ్న. ఉద్దానంలో ఎలుగు కొండ దిగి ఊరి పక్కకు రావడానికి కారణాలు కంటికి కనిపిస్తూనే ఉన్నాయి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో జీడి, పనస, కొబ్బరి తోటలు కొండవాలు వరకు అల్లుకుపోయాయి. జీడిమామిడి పళ్లు, పనస తొనలు ఎలుగుకు ప్రీతికరమైన ఆహారం. తోటల గట్లపై చెదపుట్టలకు కొదవలేదు. గుడి దీపాల నూనె, పాఠశాలల్లోని వంటనూనె రుచి మరిగిన ఎలుగుల కథలు ఈ మండలాల్లో అందరికీ తెలిసినవే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ తీరాన్నే తాకి, కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. ఆ తర్వాత చాలాచోట్ల తోటల్లో తుప్పలు పెరిగాయి. ఎలుగుకు పగటిపూట తలదాచుకోవడానికి కొండే అక్కర్లేదు.

రాలిన జీడిపిక్కలు ఏరుకోవడానికి రైతులు, కూలీలు ఎండ ముదరక ముందే తోటలకు వెళ్తారు. రాత్రంతా మేసిన ఎలుగు తిరుగుముఖం పట్టే సమయమూ అదే. ఎలుగుకు వాసన పసిగట్టే శక్తి ఎంత ఎక్కువో చూపు, వినికిడి అంత తక్కువ. చెదపుట్టను తవ్వి, మూతి పెట్టి గట్టిగా పీల్చే సమయంలో దానికి మనిషి అడుగుల సవ్వడి వినిపించదు. పది అడుగుల దూరంలో హఠాత్తుగా ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు. పులులున్న అడవుల్లో పరిణామం చెందిన ఈ జంతువుకు పారిపోవడం కన్నా ఎదురుతిరగడమే అలవాటు. వెనుక కాళ్లపై లేచి నేరుగా ముఖం, తల మీద పంజా విసురుతుంది. పిల్ల వీపు మీద ఉన్న తల్లి అయితే చెప్పక్కర్లేదు. మధ్యప్రదేశ్‌లో 1989 నుంచి 1994 వరకు నమోదైన 735 ఎలుగు దాడుల్లో 48 మంది మరణించినట్లు ఒక అధ్యయనం లెక్కగట్టింది. మిగిలినవారంతా గాయపడినవారే. ముఖాలు చెదిరిపోయి, చూపు పోయి బతికినవారి బాధ మరణాల లెక్కల్లో కనిపించదు.

ఇప్పుడు ఆ పది అడుగుల దూరంలో జీడిపిక్కల బుట్ట పట్టుకున్న మనిషి చేతిలో ఏ రైఫిల్ పెట్టినా ఒరిగేదేమిటి? ఈ ప్రశ్నకు అలాస్కాలోనే గణాంకాలతో సమాధానం ఉంది. 1883 నుంచి 2009 వరకు అక్కడ తుపాకీ ఉన్న వ్యక్తులకు ఎలుగులు ఎదురైన 269 ఘటనలను పరిశోధకులు పరిశీలించి 2012లో ప్రచురించారు. తుపాకీ వాడినవారికి, తుపాకీ ఉండీ వాడనివారికి మధ్య గాయాల విషయంలో చెప్పుకోదగ్గ తేడా లేదన్నది వారు తేల్చిన విషయం. తుపాకీ విఫలమైన సందర్భాల్లో నాలుగో వంతుకు పైగా కారణం ఒక్కటే, సమయం చాలకపోవడం. సేఫ్టీ తీయడం మరవడం, తూటా ఇరుక్కుపోవడం, గురి తప్పడం, ఎలుగు మరీ మీదకు వచ్చేయడం మిగతా కారణాలు. తూటా చిన్నదైపోవడం ఆ జాబితాలో ముందు వరుసలో లేదు.

అదే పరిశోధకుల బృందం 2008లో ప్రచురించిన మరో అధ్యయనం, మిరప ఘాటుతో చేసిన ఎలుగు స్ప్రే వాడిన ఘటనలను పరిశీలించింది. గోధుమరంగు ఎలుగుల విషయంలో 92 శాతం, నల్ల ఎలుగుల విషయంలో 90 శాతం సందర్భాల్లో స్ప్రే వాటి దూకుడును ఆపగలిగింది. దగ్గరి దూరంలో ఎలుగు ఎదురైనవారిలో 98 శాతం మంది గాయం లేకుండా బయటపడ్డారు. స్ప్రేకు గురి అంత కచ్చితంగా అక్కర్లేదు, ఎదుట మేఘంలా వ్యాపిస్తుంది. గాలి ఎదురు కొడితే సొంత కళ్లే మండుతాయన్నదీ నిజమే. గుంటూరు మిరప ఘాటుకు ప్రసిద్ధి చెందిన రాష్ట్రంలో తోటలోకి వెళ్లే కూలీ నడుముకు అలాంటి డబ్బా ఇంకా చేరకపోవడం ఆలోచించదగ్గ విషయం.

మీట నొక్కే అధికారం ఎవరిది?

సాంకేతిక విషయం పక్కనపెట్టి చట్టం వద్దకొస్తే దారి మరింత ఇరుకు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఎలుగు మొదటి షెడ్యూలు జంతువు. దాన్ని వేటాడితే కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్ల జైలుశిక్ష తప్పదు. 2022 సవరణ తర్వాత కనీస జరిమానా 25 వేల రూపాయలు. అడవిపంది తరహాలో ‘హానికర జంతువు’గా ప్రకటించే వెసులుబాటు మొదటి షెడ్యూలు జంతువులకు లేదు.

అయితే చట్టం తలుపు పూర్తిగా మూసేయలేదు. మనుషుల ప్రాణానికి ప్రమాదకరంగా మారిన, లేదా కోలుకోలేనంతగా గాయపడిన, జబ్బుపడిన జంతువును చంపడానికి 11వ సెక్షన్ కింద రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి లిఖితపూర్వకంగా, కారణాలు చూపుతూ అనుమతించవచ్చు. దానిని బంధించడం, మత్తుమందుతో లొంగదీయడం, వేరే చోటుకు తరలించడం సాధ్యం కాదని ముందు ఆయన నిర్ధారణకు రావాలి. తహసీల్దారు, ఎస్పీ, శాసనసభ్యుడు ఎవరు చెప్పినా ఆ అనుమతి రాదు. ఆత్మరక్షణ కోసం సదుద్దేశంతో చంపినవారిపై నేరం మోపరాదని కూడా అదే సెక్షన్ చెబుతోంది. ఆ సమయంలో వ్యక్తి చట్టవిరుద్ధమైన పనిలో ఉండకూడదన్నది షరతు. పంది కోసం ఉచ్చు పన్నడానికి వెళ్లి ఎలుగును చంపినవాడికి ఆ రక్షణ వర్తించదు.

చట్టం ముందు చెప్పమన్న మత్తు తూటా కూడా మాయాజాలం కాదు. ఎగిరే సిరంజి లాంటి ఆ డార్టును 30, 40 మీటర్ల లోపు నుంచి తొడ, భుజం వంటి కండరంలోకి దించాలి. బొచ్చులో చిక్కుకుంటే మందు లోపలికి పోదు. జంతువు బరువును కంటితో అంచనా వేసి మందు మోతాదు నిర్ణయించాలి. అంచనా తక్కువైతే పడిపోదు, ఎక్కువైతే లేవదు. తగిలాక మందు పనిచేయడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ నిమిషాల్లో చుట్టూ వేలాది మంది కేకలు వేస్తూ తరుముతుంటే భయంతో పరుగెత్తే ఎలుగు ఒంటి వేడి ప్రమాదకర స్థాయికి పెరుగుతుంది. వేసవి ఎండ దానికి తోడవుతుంది. మత్తులో ఉన్న జంతువుకు ఒంటి వేడిని తగ్గించుకునే శక్తి ఉండదు. అందుకే మత్తు తూటా పేల్చేవాడి కన్నా ముందు ఊరి జనాన్ని అర కిలోమీటరు వెనక్కు నెట్టగల పోలీసులు అక్కడికి చేరాలి. ఊళ్లో ఎలుగు కనిపిస్తే ఇప్పుడు జరిగేది దీనికి పూర్తిగా తలకిందులు. సెల్‌ఫోన్లతో జనం ముందు వస్తారు, పోలీసులు తర్వాత వస్తారు, పశువైద్యుడు ఆఖరున వస్తాడు.

రైఫిల్‌కు అనుమతే లభించిందనుకుందాం. గుండు ఎక్కడ ఆగుతుందన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. .30-06 తరహా గుండు అడ్డు లేకపోతే మూడు కిలోమీటర్లు దాటి పోగలదు. రాతినేలను తాకితే దారి మళ్లి ఎటైనా లేస్తుంది. జపాన్ ఇటీవల ఎదుర్కొన్న చిక్కు ఇదే. అక్కడి నల్ల ఎలుగు పరిమాణంలో మన ఎలుగుకు దగ్గరగా ఉంటుంది. 2025లో ఆ దేశంలో ఎలుగు దాడుల్లో పది మందికి పైగా మరణించారు. జనావాసాల్లో తుపాకీ పేల్చరాదన్న నిబంధనను సడలిస్తూ, ఆ ఏడాది సెప్టెంబరు నుంచి స్థానిక పాలకులు అత్యవసర కాల్పులకు అనుమతించే వీలు కల్పించారు. అయితే వేరే మార్గం లేనప్పుడు, గుండు వల్ల మనుషులకు ప్రమాదం లేదని తేలినప్పుడు మాత్రమే అన్న షరతులు పెట్టారు. వెనుక గుండును మింగే మట్టిగట్టు లేనిచోట వేటగాళ్లు మీట నొక్కలేరు. నవంబరులో పోలీసులకూ రైఫిళ్లు వాడే అధికారం ఇచ్చారు. అకిత రాష్ట్రానికి సైనికులనే పంపారు. కానీ వారి పని కాల్చడం కాదు, బోనులు మోయడం, అమర్చడం. తూటాలకు, శిక్షణకు, డబ్బుకు కొదవలేని దేశంలోనూ చివరికి బోను దగ్గరికే రావాల్సి వచ్చింది.

ఉద్దానంలో మట్టిగట్టు మాట అటుంచితే, కొబ్బరిచెట్ల నడుమే ఇళ్లు. ఒక తోటకు, మరో తోటకు మధ్య కనిపించే దూరం యాభై మీటర్లకు మించదు. ఎలుగు వెనుక ఎవరి పెరడు ఉందో, ఆ పెరట్లో ఎవరున్నారో గురి చూసేవాడికి తెలిసే వీలు తక్కువ.

బీటు సిబ్బంది చేతిలో సాధారణంగా ఉండేవి కర్ర, టార్చిలైటు. ఊరి దగ్గర కొండ మొదట్లో బోను, పక్క మండలంలో కాకపోయినా డివిజన్ కేంద్రంలో మత్తు తుపాకీతో సిద్ధంగా ఉండే పశువైద్యుడు, జీడి కాలంలో తోటల్లోని తుప్పలను నరికించే ఉపాధి హామీ పనులు, తెల్లవారకముందే ఒంటరిగా తోటకు వెళ్లవద్దని, వెళ్తే మాట్లాడుకుంటూ, డబ్బా కొడుతూ వెళ్లమని టముకు వేయించడం వంటివి ఏ రైఫిల్ కన్నా చవక. ఎలుగును బంధించడం, మత్తుమందు ప్రయోగించడం మినహా వీటిలో దేనికీ ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి సంతకం అక్కర్లేదు. పిక్కలు రాలడం మార్చిలో మొదలవుతుంది. పనస పండేది వేసవి ముదిరాక. ఎర్రముక్కాం, కిడిసింగి ఘటనలు రెండూ జూన్‌లోనే జరిగాయి.